గండి పక్కన ఎర్ర కర్ర

నుకుతోబా
ఏప్రిల్ 6

బావా వెరెనికీ,

ముందుగా నా చేతిరాతకు క్షమించు. నాలుగో తరగతిలో మాస్టారు నా పలక చూసి, "పెనాయా, ఇది రాతా, పీత నడిచిన జాడా?" అన్నారు. అరవై ఏళ్లయింది. పీత ముసలిదైంది, అంతే తేడా. తప్పులుంటే నువ్వే దిద్దుకో. నువ్వు సుఖమే అని తలుస్తాను. చెల్లెల్ని అడిగానని నువ్వే చెప్పు. అన్నాచెల్లెళ్లం నేరుగా మాట్లాడుకోకూడదు కాబట్టి మా ఇద్దరి మధ్యా నలభై ఏళ్లుగా నీ నోరే పనిచేస్తోంది. పాపం, దానికీ అలుపుండదు.

మా ఊరి పెద్దాయన పోయారని రేడియోలో విని ఉంటావు. వంద రాత్రులు సంతాపం. పగడపు గట్టులో ఓడలు దూరే గండికి దక్షిణాన ఉన్న నీళ్లన్నీ ఆచారం ప్రకారం కట్టేశాం. వంద రాత్రులూ అందులో ఎవరూ వల వేయరు, కాలు పెట్టరు. వందో రోజున ఊరంతా దిగి చేపలు పట్టి విందు.

కట్టు మొదలయ్యే చోట పగడపు గట్టు మీద కర్ర పాతడం మా జాలరి వంశం పని. వంశంలో ఇంకా మోకాళ్లు వంగే మగవాణ్ని నేనొక్కణ్నే. ఇదివరకు మడ కర్ర ఒకటి నాటి పాత చొక్కా కట్టేవాళ్లం. రెండు పోట్లకే ఒరిగిపోయేది. పక్క దీవి వాళ్లు వచ్చి చేపలు పట్టుకుని, కర్ర కనపడలేదండీ అనేవాళ్లు. ఈసారి ఊరి మీటింగులో, దూరానికి కనపడే కర్ర కావాలన్నారు. "నేను చూస్తాను" అన్నాను. ఎవరా మాట్లాడింది అని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

బావా, నవ్వకు. ఆ కర్రకు మూడు వారాలు పట్టింది. రెండు దుంగలు జోడించి కొబ్బరిపీచు తాడుతో కట్టాను. మనిషికి మూడింతల ఎత్తు. పైన బుట్ట అల్లి బోర్లించాను. చర్చి కప్పుకు వేయగా మిగిలిన ఎర్రరంగు మొత్తం పూశాను. నా గడ్డానికీ కొంచెం అంటింది. గండి పక్కన ఓడలకు దారి చూపే సర్కారు వారి ఇనుప కర్ర ఉంది కదా, నెత్తిన డబ్బాతో, దాని ఎర్రరంగు పోయి తుప్పు పట్టి నల్లబడింది. నాది దానికి రెండు వందల బారల దూరంలో పాతాను. నాదే ఎర్రగా ఉంది. పొద్దున్నే లేచి చూసుకుంటున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చో.

సెమెసా కెప్టెన్ అయ్యాడని తెలిసి ఏడ్చాను. నా మేనల్లుడని చెప్పుకోవాలనిపించింది కానీ ఎవరూ అడగలేదు.

నీ బావ,
పెనాయా


సువా
ఏప్రిల్ 27

ముసలి పీతా,

నీ ఉత్తరం చదవడానికి మూడు రోజులు పట్టింది. నీ చెల్లెలు మెరెసెయినీ కళ్లద్దాలు కూడా పెట్టి చూశాను. చివరికి తలకిందులుగా పట్టుకుంటే కొంచెం నయమనిపించింది.

నువ్వు మీటింగులో మాట్లాడావా? పెద్దాయన పోయింది దిగులుతో కాదు, పైనుంచి నీ గొంతు వినడానికై ఉంటుంది. ఎర్ర కర్ర, పైన బుట్ట! ఓ పని చెయ్యి. చుట్టూ రెండు తాటాకు కుర్చీలు కూడా వెయ్యి, ఎవరైనా పెళ్లి పందిరనుకుని కట్నాలు చదివిస్తారు. మా ఇంట్లో చదివి వినిపిస్తే నవ్వి నవ్వి టీ ఒలకపోసుకున్నాను. నీ చెల్లెలు మాత్రం నవ్వలేదు. అన్నయ్య ఎప్పుడైనా ఒక పని పూర్తి చేశాడా, నవ్వుతావేం అంది. మీ వంశమంతా ఇంతే, హాస్యం మీ దీవికి పడవలో కూడా రాదు.

సరే విను. సెమెసాకు "తుయి వాసా" ఇచ్చారు. చిన్న సరుకుల ఓడే, అయినా మొదటి ఓడ. నేను ఇరవై ఆరేళ్లు సరంగుగా చేసి ఒక్కసారి చుక్కాని ముట్టుకుంటే కెప్టెన్ నా చెయ్యి మీద కొట్టాడు. నా కొడుకు దాన్నే పట్టుకుని నిలబడతాడు. మే నెల మధ్యలో మీ దీవికే వస్తున్నాడు. డీజిలు పీపాలు, బియ్యం, బడికి బల్లలు. వాడికి కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు అంటే ఇష్టం. పెట్టు. వాడు నీ ఇంట్లో ఏది అడిగినా లేదనకూడదు, అది మేనల్లుడి హక్కు. నీ ఇంట్లో ఏముందనేది వేరే సంగతి. నీ పందిని దాచుకో.

నీ మేలు కోరే ఏకైక మనిషి,
వెరెనికి


నుకుతోబా
మే 24

బావా,

సెమెసాకు ఏమీ కాలేదు. ముందు అది చదువు. కింద రాసింది తర్వాత చదువు.

రేడియోలో విన్నావు కదా. అవును, ఓడ పగడపు గట్టు మీదికెక్కి ఇరుక్కుంది. పదిహేనో తేదీ పొద్దున. గండికి దక్షిణాన. ఎండ సరిగ్గా ఎదురుగా ఉంది. నేను చూడలేదు. టీ తాగుతున్నాను. చప్పుడు విన్నాను. పెద్ద దుంగను రాళ్ల మీద ఈడ్చినట్టు.

ఎనిమిది మంది కళాసీలూ క్షేమం. ఓడ అడుగున చిల్లు పడింది. ఓడ ఇంజనుకు వాడే డీజిలు కారడం మొదలైంది. నీళ్ల మీద సబ్బు నురగ రంగులు తేలాయి. గాలి ఒడ్డువైపే. లోపల అరవై రాత్రులుగా ఎవరూ ముట్టని చేపలు. నీళ్లు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే ఒడ్డున నిలబడి మాట్లాడితే చేపలు విని పక్కకు తప్పుకుంటున్నాయి.

మరి మేమేం చేశామంటావా? మీటింగు పెట్టాం. నీళ్లకు కట్టు ఉంది కదా, దిగొచ్చా దిగకూడదా అని. ఒకాయన, దిగితే ఆచారం పోతుందన్నాడు. ఇంకొకాయన, దిగకపోతే గట్టు పోతుందన్నాడు. మూడో ఆయన, ఇలాంటిదే తాతల కాలంలో జరిగిందని మొదలుపెట్టాడు. ఆ కథ పూర్తయ్యేలోపు డీజిలు మా దాకా నడిచి వచ్చేది. అప్పుడు పెద్దాయన అక్క సిసిలియా అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. "నా తమ్ముడు బతికుండగా డీజిలు చేప తినలేదు. ఇప్పుడు తింటాడా? దిగండ్రా!" అంది. ఆమె ముందు దిగింది. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి మమ్మల్ని తిట్టింది.

వందో రోజు చేపల్ని చుట్టుముట్టి పట్టడానికి ఆకుల తాడు పేనుతున్నాం కదా, అడవి తీగ చుట్టూ కొబ్బరాకు మెలిపెట్టి. అప్పటికి నాలుగు వందల బారలు అయింది. దాన్ని చేపల చుట్టూ కాకుండా ఓడ చుట్టూ లాగాం. ఆడవాళ్లు కొబ్బరిపీచు బస్తాలతో తెచ్చి ఆ తాడు చుట్టు లోపల నీళ్లలో పోశారు. పీచు డీజిలు తాగింది. తాగిన పీచు తీసి ఒడ్డుకు మోశాం. మళ్లీ కొత్త పీచు. రెండు రోజులు అదే పని. పీపాలు సెమెసా తన మనుషులతో ఒక్కొక్కటే తెప్పల మీదికి దించాడు. ఒక్క పీపా పగల్లేదు. ఆ రెండు రోజులూ వాడు నిద్రపోలేదు. ఒడ్డు పక్కన కొన్ని చేపలు తేలాయి. గట్టు మాత్రం బతికింది. పున్నమి పోటుకు ఇంకో ఓడ వచ్చి "తుయి వాసా"ను లాక్కుపోయింది.

నేను కూడా పీచు మోశాను. రెండుసార్లు పడ్డాను. ఊరివాళ్లకు అదొక్కటే నవ్వుకోవడానికి దొరికింది.

చేమాకు వండించాను. తిన్నాడు.

పెనాయా


సువా
జూన్ 10

బావా,

ఈసారి వేళాకోళానికి ఓపిక లేదు.

సెమెసా ఇంటికి వచ్చాడు. ఓడల ఆఫీసు వాళ్లు సర్టిఫికెట్టు తీసి బల్ల సొరుగులో పెట్టుకున్నారు. ఆగస్టు పన్నెండున విచారణ. కెప్టెన్ అజాగ్రత్త అని తేలితే ఆ సొరుగు మళ్లీ తెరవరు. ముప్ఫై రెండేళ్లవాడు. ఇంకెవరూ వాడికి ఓడ ఇవ్వరు. వార్ఫు మీద మూటలు మోయాలి.

"ఏం జరిగిందిరా?" అంటే, "నా పొరపాటు నాన్నా" అంటాడు. "ఎలాంటి పొరపాటు?" అంటే, "పెద్దది" అంటాడు. ఇక్కడ వార్ఫులో ముందు రోజు రాత్రి తాగి ఉన్నాడని చెప్పుకుంటున్నారు. నిద్రపోయాడని ఇంకొందరు. వాడు నోరు విప్పడు. ఈ మూగతనం మా వైపు నుంచి రాలేదు, అది నీకు తెలుసు.

వాడికి ఆ గండి చిన్నప్పటి నుంచి తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు నువ్వే చూపించావు. ఎర్ర కర్ర ఎడమ చేతికి ఉంచుకుని లోపలికి రావాలని నీ పడవలో కూర్చోబెట్టి నేర్పావు. అలాంటిది రెండు వందల బారలు పక్కకు ఎలా వెళ్లాడు?

నువ్వు ఒడ్డున ఉన్నావు. టీ తాగుతున్నావో నీళ్లు తాగుతున్నావో, ఆ పొద్దున ఎవరైనా ఏదైనా చూసి ఉంటారు. వాడు తాగాడా? చేదైనా సరే, నిజం రాయి.

వెరెనికి


నుకుతోబా
జూన్ 18

బావా,

వాడు తాగలేదు.

నిద్రపోలేదు.

మా కోడి పదకొండు పిల్లల్ని చేసింది. నాకు ఇంకో పన్ను ఊడింది. ఇక మిగిలినవి నాలుగు. ఒకదానికొకటి ఎదురుపడవు. వానలు బాగానే ఉన్నాయి. కర్రపెండలం బాగా ఊరింది.

ఎండ ఎదురుగా ఉంది బావా. ఎండలో ఎవరికైనా ఏదైనా ఇంకోలా కనపడుతుంది. అది విచారణలో చెప్పమను.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. చెయ్యి నొప్పిగా ఉంది.

పెనాయా


సువా
జూలై 5

బావా,

కోడిపిల్లల లెక్క అందింది.

ఎండ అని సెమెసాతో చెప్పాను. "రోజూ ఉదయిస్తుంది నాన్నా, దాని మీద నేరం మోపలేం" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. "తాగావని ఒప్పుకో, కనీసం ఒక కారణం ఉంటుంది" అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను. నిజం చెప్పలేనివాడు ఈ ఇంట్లో ఉండక్కర్లేదన్నాను. చాప చుట్టుకుని వెళ్లిపోయాడు. చర్చి వెనక గదిలో పడుకుంటున్నాడట. నీ చెల్లెలు నాకు అన్నం పెడుతోంది కానీ గిన్నె చప్పుడు చేస్తూ పెడుతోంది.

వాడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకుంది నువ్వు. నేను సముద్రం మీద ఉన్నాను. అందుకే నీకు చెబుతున్నాను. కొడుకును ఇంట్లోంచి పంపేశాను. పంపేసి బాగా చేశానా లేదా నాకు తెలియడం లేదు.

వెరెనికి


నుకుతోబా
జూలై 12

బావా,

వాణ్ని ఇంటికి పిలువు. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే వెళ్లి పిలువు.

ఆ పొద్దున నేను టీ తాగడం లేదు. ఒడ్డున ఉన్నాను. నా కర్రను చూసుకోవడానికి వెళ్లాను. రోజూ చూసుకుంటాననే రాశాను కదా. ఓడ వచ్చింది. పొగగొట్టం చూసి మనవాడే అని గుర్తుపట్టాను. సంతోషం వేసింది. వాడు నా కర్ర చూస్తాడు కదా అనుకున్నాను. చూశాడు. ఎండకు ఎదురుగా నల్లటి ఇనుప కర్ర కనపడదు బావా. ఎర్రగా, బుట్టతో, గండి కర్రలాగే నిలబడింది నాది. వాడు దాన్ని ఎడమ చేతికి పెట్టుకుని తిరిగాడు. చిన్నప్పుడు నేను నేర్పినట్టే. తు చ తప్పకుండా.

ఓడ తిరుగుతుంటే నాకు తెలిసింది. టైముంది. ఎంత టైమంటే, ఇప్పుడు తలచుకుంటే భోజనం చేసేంత ఉన్నట్టనిపిస్తుంది. చెయ్యి ఎత్తాను. పక్కన వలలు ఆరేస్తున్న ఆడవాళ్లు నావైపు చూశారు. ఏమిటి తాతా అన్నారు. చెయ్యి దించేశాను. నోరు తెరిచాను, ఏమని అరవాలో తెలియలేదు. జీవితంలో ఎప్పుడూ అరవలేదు. మొదటిసారి ఎలా అరవాలో ఆలోచిస్తుండగా చప్పుడు వినపడింది.

అందరూ డీజిలు పనిలో ఉండగా నేను వెళ్లి కర్ర పీకాను. పాతడానికి ముగ్గురం పట్టాం. పీకడానికి నేనొక్కణ్నే సరిపోయాను. భయానికి అంత బలం ఉంటుందని తెలియదు. ఓడ తగిలి కొట్టుకుపోయిందని ఊరివాళ్లు అనుకున్నారు. పంది దొడ్డి వెనక పెట్టి కొబ్బరాకులు కప్పాను. ఎర్రటి కొస బయటికి కనపడుతూనే ఉంది. దాచడం కూడా చేతకాలేదు.

రెండోరోజు సెమెసా చేమాకు తినడానికి వచ్చాడు. తిని చెయ్యి కడుక్కోవడానికి దొడ్డివైపు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేను వెళ్లాను. ఆకులు తీసి, నా తాడు కట్టును వేలితో తడుముతున్నాడు. ఆ ముడి వాడికి నేనే నేర్పాను.

"మామయ్యా, కర్ర బాగుంది" అన్నాడు.

నేను ఆకులు మళ్లీ కప్పబోయాను.

"నాకు కావాలి. ఇచ్చెయ్."

మేనల్లుడు అడిగితే మేనమామ కాదనకూడదు. "తీసుకో" అన్నాను. వాడు గొడ్డలి తెచ్చి ముక్కలు చేశాడు. వంటపొయ్యిలో ఒక్కొక్కటే పెట్టాడు. రంగు కాలి కంపు కొట్టింది. అంతా అయ్యాక, "ఇప్పుడు అది నాది. నాదాని గురించి నువ్వు ఎక్కడా మాట్లాడకూడదు. ఆచారం అదే కదా మామయ్యా?" అన్నాడు.

అదే అన్నాను.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పాలంటే సిగ్గేస్తోంది. మాట్లాడకూడదని ఒక ఆచారం దొరికింది. నాలాంటివాడికి ఇంకేం కావాలి? రెండు నెలలు ఆచారం వెనక కూర్చున్నాను, పందిలాగా, కొస బయట పెట్టి.

వందో రోజు విందు అయిపోయింది. చేపలు దండిగా పడ్డాయి. నా వాటా పందికి పెట్టాను. నీ ఉత్తరం వచ్చింది. వాడు చర్చి గదిలో పడుకున్నాడని రాశావు. వాడు అడిగి తీసుకున్నది కర్ర. తప్పు నేనివ్వలేదు. అది నా దగ్గరే ఉంది.

ఈ ఉత్తరం ఆఫీసు వాళ్లకు చూపించు. సంతకం చేశాను. ఊళ్లో కూడా చెప్పాను. మీటింగులో చెప్పాను. గట్టిగా వినపడలేదన్నారు. రెండోసారి చెప్పాను.

పెనాయా


సువా
జూలై 24

శ్రీ పెనాయా గారికి,

మీ ఉత్తరం అందింది. సెమెసాను ఇంటికి తీసుకువచ్చాను.

ఓడల ఆఫీసులో ఉత్తరం చూపించాను. ఉత్తరం చాలదన్నారు. రాసిన మనిషి స్వయంగా వచ్చి విచారణలో చెప్పాలన్నారు. ఆగస్టు మొదటి వారంలో ఒక ఓడ మీ దీవి మీదుగా వస్తోంది. దయచేసి అందులో రండి.

ఏప్రిల్‌లో మీరు రాసిన ఉత్తరం మెరెసెయినీ డబ్బాలో ఉంది. తీసి మళ్లీ చదివాను. ఎర్రరంగు, పైన బుట్ట, గండికి రెండు వందల బారలు. ఇరవై ఆరేళ్లు ఓడల మీద పనిచేసినవాడు ఈ మూడు సంగతులు చదివి ఆ రోజే ఓడల ఆఫీసు రేడియోకు పరిగెత్తాల్సింది. నేను నవ్వాను. టీ ఒలకపోసుకున్నాను. ఆ సంగతి కూడా విచారణలో చెబుతానన్నాను. అది సాక్ష్యం కిందికి రాదన్నారు.

మీకు పక్క గదిలో ఏర్పాటు చేశాం.

ఇట్లు,
వెరెనికి

అన్నయ్యా, ఇది నేను రాస్తున్నాను. రాయకూడదని తెలుసు. వచ్చెయ్యి. మెరెసెయినీ.


నుకుతోబా
ఆగస్టు 30

బావా,

క్షేమంగా చేరాను. దారిలో నాలుగుసార్లు వాంతి అయింది. జాలరి వంశం అని ఎవరికీ చెప్పలేదు.

విచారణ గదిలోకి నిన్ను రానివ్వలేదు. బయట మెట్ల మీద కూర్చున్నావు. తర్వాత అడగలేదు. అందుకని రాస్తున్నాను.

బల్ల అవతల ముగ్గురు. మధ్యలో ఉన్నాయన మంచివాడే. "పేరు చెప్పండి తాతా" అన్నారు. చెప్పాను. "కొంచెం గట్టిగా." చెప్పాను. "ఇంకొంచెం." పక్కన రాసుకునే అమ్మాయి లేచి వచ్చి నా నోటి దగ్గర చెవి పెట్టింది. ఆ తర్వాత విచారణ అంతా అలాగే జరిగింది. నేను అమ్మాయికి చెప్పడం, అమ్మాయి వాళ్లకు చెప్పడం. నా తప్పు ఒక ఆడపిల్ల గొంతులో వింటే మర్యాదగానే ఉంది.

కర్ర ఎంత ఎత్తు అన్నారు. చెప్పడం చేతకాక కుర్చీ ఎక్కి చెయ్యెత్తి చూపించాను. దిగమన్నారు. దిగడం కష్టమైంది. సెమెసా వచ్చి దించాడు. దించుతూ నా చెవిలో, "అది నాది మామయ్యా. మాటిచ్చావు" అన్నాడు.

నేను అప్పుడు అరిచాను బావా.

"కర్ర నీది. పాతింది నేను!"

గదంతా అదిరింది. అమ్మాయి చెవి మూసుకుంది. కిటికీ అవతల పావురాలు లేచాయట, తర్వాత ఎవరో చెప్పారు. మే పదిహేనున రావాల్సిన అరుపు ఆగస్టు పన్నెండున వచ్చింది. నువ్వు మెట్ల మీద విని ఉంటావు. ఎవరిదో అనుకుని ఉంటావు.

మధ్య ఆయన సెమెసాను అడిగారు. ఒక్క కర్రనే నమ్మావా, చర్చి తెల్లగోడ కర్రకు వరసలో ఉందో లేదో ఎందుకు చూసుకోలేదు అని. "చూసుకోవాలి సార్. కర్రను చూడగానే ఇల్లు చేరినట్టనిపించింది" అన్నాడు వాడు. తర్వాత ఇనుప కర్రకు రంగు వేసి ఎన్నేళ్లయిందని మధ్య ఆయన పక్కాయన్ను అడిగారు. పక్కాయన కాగితాలు సర్దుకున్నారు.

పోయిన వారం పడవలో కాగితం వచ్చింది. నీకూ వచ్చి ఉంటుంది. సర్టిఫికెట్టు పోలేదు. ఏడాది పాటు ఇంకో కెప్టెన్ కింద పనిచేయాలి, తర్వాత మళ్లీ ఓడ. చదివి గడప మీద కూర్చుండిపోయాను. సిసిలియా అవ్వ వచ్చి, చచ్చిపోయానేమోనని కర్రతో పొడిచి చూసింది.

నా పేరు మీద కూడా ఒక కాగితం ఉంది. జైలు అనుకున్నాను. జైలయితే బాగుండేది, అక్కడ మాట్లాడక్కర్లేదు. దీవిలో ఏడు ఊళ్లకూ వెళ్లి చెప్పాలట. కట్టు కర్రలు గండికి దూరంగా పాతాలి. ఎరుపు వద్దు, బుట్ట వద్దు, తెల్లగుడ్డ చాలు. పాతేముందు పోస్టాఫీసు రేడియోలో ఓడల ఆఫీసుకు చెప్పాలి. ఇది చెప్పే మనిషిగా నన్ను వేశారు. ఊరిపెద్దలు ఒప్పుకున్నారు. నవ్వుతూ ఒప్పుకున్నారు.

రెండు ఊళ్లు అయ్యాయి. మొదటి ఊళ్లో లేచి, "నేను కర్ర పాతాను. ఓడ గట్టు మీదికెక్కింది" అని కూర్చున్నాను. మిగతాది చెబుతానని వాళ్లు చాలాసేపు చూశారు. చివరికి టీ ఇచ్చారు. రెండో ఊళ్లో ఒక ముసలామె, "అయితే నువ్వేనా ఆ బుద్ధిమంతుడివి?" అంది. అవునన్నాను. "మా కర్ర కూడా చూడు మరి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. వాళ్లదీ గండి పక్కనే ఉంది బావా. దాని మీద పసుపు డబ్బా బోర్లించారు. చాలా అందంగా ఉంది. అందరం కలిసి పీకాం. అక్కడ ఎక్కువసేపు మాట్లాడాను. ఎంతసేపంటే, మధ్యలో నీళ్లు అడిగాను.

ఇక అసలు సంగతి.

క్షమాపణ అడిగే ఆచారం ప్రకారం నీ ఇంటి గుమ్మంలో యంగోనా వేర్ల కట్ట పెట్టి తల వంచి కూర్చున్నాను. తప్పు ఒప్పుకున్నాను. నువ్వు చెప్పాల్సిన మాటలన్నీ చెప్పావు, పద్ధతిగా మూడుసార్లు చప్పట్లు కొట్టి కట్ట అందుకున్నావు. ఒక్క మాట తడబడలేదు. పాస్టరుగారిలాగా. తర్వాత నాలుగు రోజులు, "భోంచేశారా?" "నిద్ర పట్టిందా?" నలభై ఏళ్లలో నా నిద్ర గురించి నువ్వెప్పుడూ అడగలేదు. నేను కుర్చీ ఎక్కిన సంగతి సెమెసా చెబితే చెల్లెలు నవ్వాపుకోలేక బట్ట కొస నోట్లో కుక్కుకుంది. నువ్వు నవ్వలేదు. నేను ఆ సంగతి నీకోసమే దాచుకుని తెచ్చాను. వార్ఫు దగ్గర నా బుట్ట నువ్వు మోశావు. అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

నీకు నామీద కోపమా, నీమీద నీకే కోపమా తెలియదు. నువ్వు నవ్వావు, నేను అరవలేదు. ఇద్దరం కలిసి ఒక బిడ్డను గట్టు మీదికెక్కించాం. కోపం పోకపోతే పోలేదని రాయి. క్షమించలేకపోతే అదీ రాయి, చదువుకుంటాను. మర్యాదగా మాత్రం రాయకు. నాకు మర్యాద చేసేవాళ్లు ఇప్పుడు ఏడు ఊళ్లలో ఉన్నారు. తిట్టేవాడు నువ్వొక్కడివే.

పడవ పదిహేను రోజులకు వస్తుంది. రేవులో కూర్చుని ఉంటాను. త్వరగా జవాబు రాయి బావా.

పెనాయా